గేటు పుస్తకంలో లేని బండి

3వ తేదీ, సోమవారం

ఇది గేటు పుస్తకమే. స్టోర్సు గుమాస్తా పాతవన్నీ చెత్తలో వేయిస్తుంటే ఒక ఖాళీ పుస్తకం ఏరి తెచ్చుకున్నాను. ప్రతి పేజీకీ నంబరు, ప్రతి పేజీలో నాలుగు గళ్లు. వేళ, బండి, ఎవరు, ఎందుకు. నాకు ఆ గళ్లతో పని లేదు. వాటి మీదుగా అడ్డంగా రాసుకుంటాను. చూసేవాళ్లు కూడా లేరు. మా ఆవిడకు చదువు రాదు, చిన్నదానికి తీరిక లేదు.

ఈ నెలాఖరుకు నా నౌకరీ అయిపోతుంది. కేబుల్ గోడౌను గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు. ఇక ఇంట్లో కూర్చుని కాళ్లు చాపుకుందామనుకున్నాను. నిన్న భోజనం దగ్గర చిన్నది ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. సీటు వచ్చిందట. రెండేళ్ల పెద్ద డిగ్రీ. సెక్యూరిటీ స్టడీసట.

"అంటే ఏమిటే?" అన్నాను.

"భద్రత గురించి, నాన్నా."

"నేను చేసేదేగా?"

"కొంచెం వేరే."

"గేటు దగ్గర నిలబడటం నేర్చుకోవడానికి రెండేళ్లా? నేను రెండు గంటల్లో నేర్చుకున్నాను. అందులో గంట టీకే పోయింది."

మా ఆవిడ నవ్వింది. చిన్నది నవ్వలేదు. కంచం తీసి కడగడానికి వెళ్లిపోయింది.

కాగితం నేను చూశాను. అక్షరాలతో తంటాలు పడతాను గానీ అంకెలు నాకు బాగా వచ్చు. రెండేళ్ల ఫీజూ కడితే నా ముప్పై ఒక్క ఏళ్ల డబ్బులో మిగిలేది ఒక మంచి మంచం కొనుక్కోవడానికి సరిపోతుంది. మొదటి ఏడాదిది ఇరవయ్యో తేదీలోగా కట్టాలి.

ఇస్తానని అనలేదు. కుదరదనీ అనలేదు.

4వ తేదీ, మంగళవారం

కాళ్లు లాగుతున్నాయి. డబ్బు కాస్త ముందుగా ఇప్పించమని అర్జీ పెట్టాను. పందొమ్మిదిన ఇస్తామన్నారు. అర్జీ పెట్టినంత మాత్రాన చదువుకే ఇస్తానని కాదు.

6వ తేదీ, గురువారం

ఈ రోజు గీతల సారును అడిగాను. ఏడాది కిందట వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు. నా పెద్దకొడుకు వయసు కూడా ఉండదు. ఎప్పుడు చూసినా కంప్యూటరులో పైకీ కిందికీ గీతలు గీస్తుంటాడు, అందుకే ఆ పేరు పెట్టాను. పెట్టింది మనసులోనే. అతను చదివింది ఇదే చదువని గుమాస్తా చెప్పాడు.

"సార్, మీ చదువు గిట్టుబాటయిందా?" అన్నాను. తిప్పి తిప్పి అడగడం నాకు చేతకాదు.

అతను గీతలు ఆపాడు. "ఎవరికి పెద్దాయనా?"

"మా చిన్నదానికి."

"నిజం చెప్పాలా, బాగుండే మాట చెప్పాలా?"

"బాగుండే మాటలకు ఇంట్లో ఆవిడ ఉంది సార్."

నవ్వాడు. డిగ్రీ చేతికొచ్చాక ఏడాదిన్నర ఖాళీగా తిరిగాడట. మొదటి నౌకరీ ఒక పెద్ద దుకాణంలో, నా జీతం కన్నా తక్కువకి. ఇప్పుడు జీతం నాకు అయిదింతలు. "మా క్లాసులో ఒకావిడ ఓడరేవులో పెద్ద పోస్టులో ఉంది. ఇంకొకడు మామగారి టైర్ల షాపులో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే ఫీజు కట్టారు" అన్నాడు.

ఓడరేవూ టైర్ల షాపూ నా తలలో తిరుగుతూనే ఉన్నాయి. సాయంత్రం పుస్తకం రాసేటప్పుడు కూడా అదే ధ్యాస. వాను డ్రైవరు సోడాబుడ్డి, మందం కళ్లద్దాల మనిషి, ఈ రోజు సరుకుకి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి టీ తాగమన్నా ఆగలేదు, చెయ్యి ఊపి పోయాడు. సోడాబుడ్డి టీ వద్దనడం ఇదే మొదటిసారి. వాడికీ ఏదో ధ్యాస ఉండి ఉంటుంది.

9వ తేదీ, ఆదివారం

చిన్నది నా పక్కన కూర్చుని చెప్పింది. గేటు గురించి కాదట. ఊరికంతా కరెంటు ఇచ్చే చోటు ఉంటుంది, నీళ్లు పంపే చోటు ఉంటుంది, ఓడలు ఆగే చోటు ఉంటుంది. వాటికి ఎక్కడ కంత ఉందో, అందులోంచి ఎవడు దూరతాడో ముందే ఆలోచించడమట. దేశానికీ దేశానికీ మధ్య కూడా అంతేనట.

"నౌకరీ ఇస్తామని రాసిస్తారా?"

"రాసివ్వరు నాన్నా. పోయిన ఏడాది ముప్పై మందిలో పదకొండు మందికి ఆరు నెలల్లో ఇదే పనిలో దొరికింది. మిగతావాళ్లు ఏవేవో చేసుకుంటున్నారు."

"నువ్వు పదకొండులో ఉంటావా, పందొమ్మిదిలో ఉంటావా?"

"తెలియదు."

తెలియదనడం నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

"ఇది మరీ అన్యాయం" అంది మా ఆవిడ. "సంబంధాలవాళ్లు అడిగితే ఏం చదివిందని చెప్పను? కంతలు వెతకడం చదివిందని చెప్పనా?"

"అత్తగారికి భయం ఉంటుందిలేవే" అన్నాను. ఈ సారి చిన్నది నవ్వింది.

సీటుతో పాటు ఒక వ్యాసం కూడా రాసివ్వాలట, తనకు బాగా తెలిసిన ఒక చోటికి కాపలా ఎలా ఉందో. మంచం కింద ఉన్న నా పాత గేటు పుస్తకాలు ఇమ్మంది. చెత్తలో పోయేవి, తెచ్చి పెట్టుకున్నాను. తీసుకోమన్నాను. చూసుకోనీ. ఒక్క కొట్టివేత ఉండదు.

10వ తేదీ, సోమవారం

గోడౌనులో లెక్క చూశారు. రాగి తీగ కట్టలు నాలుగు లేవు. ఒక్కో కట్ట ఖరీదు నా ఏడాది జీతం.

11వ తేదీ, మంగళవారం

పోయింది గురువారమే అంటున్నారు. ఆ రోజు ఎక్కించింది ఒక్క బండికే, సోడాబుడ్డి వానుకి. చీటీ ప్రకారం పన్నెండు కట్టలు, దించుకున్నచోట పన్నెండు ముట్టాయి. గోడౌనులో తగ్గినవి మాత్రం పదహారు. గేటు మీద కెమెరా పోయిన వానలకు చచ్చి ఆరు నెలలైంది. అందుకని గీతల సారు నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. నా ముందే వేలు పెట్టి చదివాడు.

"వాను ఒక్కసారే వచ్చింది కదా పెద్దాయనా?"

"పుస్తకంలో ఏముంటే అదే సార్."

"ఒక్కసారే ఉంది."

"అయితే ఒక్కసారే."

గేటు దాటలేదంటే గోడ దాటి ఉండాలన్నారు. గోడ పక్కన కట్టలు పేర్పించే పని మేస్త్రిది. మధ్యాహ్నానికే అతణ్ణి ఇంటికి పంపేశారు, విచారణ అయ్యేదాకా రావద్దని. పదిహేనేళ్లుగా ఆ మనిషీ నేనూ ఒకే బల్ల మీద భోజనం డబ్బాలు విప్పుకుంటున్నాం. మోకాళ్లు పట్టేసి మెట్టు ఎక్కలేడు. ఆ మోకాళ్లతో గోడ మీంచి రాగి కట్టలు విసిరాడట.

పోతూ పోతూ గేటు దగ్గర ఆగాడు. "ఏం బావా, నీ పుస్తకం నన్ను దొంగను చేసిందట" అన్నాడు.

"నా పుస్తకం తప్పు చెప్పదు" అన్నాను. ఎందుకన్నానో. అది నాకు అలవాటైన మాట.

13వ తేదీ, గురువారం

నా పుస్తకం తప్పు చెప్పదు. బల్ల మీద నా డబ్బా ఒక్కటే ఉంది. తినబుద్ధి కాలేదు.

14వ తేదీ, శుక్రవారం

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. టైర్ల షాపు మాట ఎక్కడ రాశానా అని, అంతే, ఇంకెందుకూ కాదు. ఆరో తేదీ దగ్గర ఉంది. దాని కిందే ఉంది సోడాబుడ్డి సంగతి. రెండుసార్లని.

తేదీ తప్పు వేసి ఉంటాను.

బుధవారమేమో. బుధవారం నేనేమీ రాయలేదు. గీతల సారును అడిగింది గురువారమే. సోడాబుడ్డి వచ్చింది వేరే రోజై ఉండొచ్చు, నేను కలిపి రాసి ఉండొచ్చు. ముసలివాణ్ణి, కలగాపులగం అవుతుంది.

వాడు అలాంటివాడు కాదు. మా ఆవిడకు కడుపులో పుండై పడిపోయినప్పుడు ఆ వానులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే "నీ టీలు తాగినన్ని ఎక్కడ తాగాను అన్నా" అన్నాడు. పద్నాలుగేళ్ల మనిషి. అంత మందం కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కసారి కూడా గేటుకు రాసుకోకుండా బండి తోలాడు.

గుమాస్తాను ఊరికే అడిగాను, కాపలావాడి వల్ల సరుకు పోతే ఏం చేస్తారని. చివరి డబ్బు మొత్తం ఆపేయొచ్చన్నాడు, విచారణ అయ్యేదాకా. ఏడాదో, రెండేళ్లో. "ఎందుకు అడుగుతున్నారు?" అన్నాడు. ఊరికే అన్నాను.

ఆ ఆరో తేదీ పేజీ చించేద్దామనుకున్నాను. పేజీలకు నంబర్లున్నాయి. చించితే తెలిసిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? ఎవరూ చదవరుగా. అయినా చించలేదు.

16వ తేదీ, ఆదివారం

ఈ రోజు సంగతి నిదానంగా రాయాలి.

చిన్నది వ్యాసం రాసేసింది. చదివి వినిపిస్తానంటే వద్దన్నాను. మా ఆవిడ చదవమంది. నాలుగు ముక్కలు చదివి ఆపేసి, పాత గేటు పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నాన్నా, ఒకటి అడుగుతాను. కోప్పడవుగా?"

"అడుగు."

"ఇవి నువ్వు బండి వచ్చినప్పుడు రాసినవి కాదు కదా?"

నేను పుస్తకం మూశాను. అది మళ్లీ తెరిచింది.

"వేళలన్నీ సున్నాతోనో అయిదుతోనో అయిపోతున్నాయి. తొమ్మిది అయిదు, తొమ్మిది ఇరవై, పది పది. పన్నెండు పుస్తకాల్లో ఒక్క బండి కూడా తొమ్మిదీ ఏడుకు రాలేదు. బండ్లకు అంత పద్ధతి ఉండదు నాన్నా. పైన ముత్యాల్లా ఉన్న అక్షరాలు కింది వరుసకు వచ్చేసరికి అలిసిపోయి ఉన్నాయి. ప్రతి రోజూ అంతే. రోజంతా బండ్లు చూసి, దిగిపోయే ముందు ఒక్కసారే కూర్చుని రాస్తావు."

"అయితే ఏమిటి? నాకు గుర్తుంటాయి. ముప్పై ఒక్క ఏళ్లు గుర్తున్నాయి. తెలిసిన మొహానికి రాత ఎందుకు? నిన్ను చూసి నీ పేరు రాసుకుంటానా?"

"అదే రాశాను వ్యాసంలో" అంది. "కొత్తవాణ్ణి ఏ గేటైనా ఆపుతుంది. తెలిసిన మొహాన్ని ఆపదు. కంత అక్కడ ఉంటుంది."

అరిచాను. ఏమని అరిచానో రాయను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనన్నాను, అది ఒక్కటీ రాస్తున్నాను. కంపెనీ తిండి తిని నా ఎత్తు పెరిగి నా పుస్తకానికే వంక పెడుతుందా? మా ఆవిడ "ఊరుకోండి, పక్కవాళ్లు వింటారు" అంది. చిన్నది లేచి పోలేదు. నెమ్మదిగా అడిగింది.

"అప్పటికప్పుడు ఎందుకు రాయవు నాన్నా?"

దానికి చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

నేను నౌకరీలో చేరినప్పుడు అంకెలే వచ్చు. పేర్ల బదులు గుర్తులు వేసేవాణ్ణి. పేర్లు కూడా రాయాలన్నప్పుడు చిన్నది ఒకటో తరగతిలో ఉంది. దాని పలక చూస్తున్నట్టు కూర్చుని దానితో పాటు నేర్చుకున్నాను. దాని పాఠం నేను చూస్తున్నాననుకుంది అది. కానీ చెయ్యి సాగదు. ఒక్క పేరు దిద్దేసరికి వెనక బండ్లు ఆగి హారన్లు కొడతాయి. ఒకసారి ఒక లారీవాడు కిందికి దిగి, నా భుజం మీంచి చూసి, "తాతా, చీమలు పడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు నాకు నలభై అయిదు, తాతను కూడా కాదు. ఆ రోజు నుంచి ఎవరి ఎదుటా రాయలేదు. నవ్వుతూ గేటు తీస్తాను, చెయ్యి ఊపుతాను. అందరూ పోయాక గదిలో తలుపేసుకుని రాసుకుంటాను. గుర్తు పెట్టుకోవడానికి చచ్చేంత తిప్పలు పడేవాణ్ణి. అది పడ్డాను కాబట్టి గొప్ప జ్ఞాపకమని పేరొచ్చింది.

ఆరో తేదీన తలలో ఓడరేవూ టైర్ల షాపూ ఉన్నాయి. ఒక వాను జారిపోయింది.

పడుకునే ముందు చిన్నది వచ్చి, "మేస్త్రి మామ సంగతి ఏమైంది నాన్నా?" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. దానికి తెలుసు. అది అడగకుండానే కంత చూసేస్తుంది. ఇది నేర్చుకోవడానికేనా రెండేళ్లూ అంత ఫీజూ? సగం ఇప్పటికే వచ్చేసిందిగా!

17వ తేదీ, సోమవారం

ఒకవైపు చిన్నది సీటు. ఇంకోవైపు మోకాళ్లు పట్టేసిన మనిషి. పందొమ్మిది దాకా నోరు మూసుకుంటే డబ్బు చేతికొస్తుంది. ఇరవైన కట్టేయొచ్చు. ఇరవై ఒకటిన చెప్పొచ్చు. ఎన్ని రోజులని? మేస్త్రి వారం నుంచి ఇంట్లోనే ఉన్నాడు, ఇంకో నాలుగు రోజులుంటే కరిగిపోడు.

ఇది బాగానే ఉంది. ఇలాగే చేస్తాను.

18వ తేదీ, మంగళవారం

అలా చేయలేదు.

పొద్దున మేస్త్రి కోడలు వచ్చింది, అతని డబ్బా గోడౌనులో ఉండిపోయిందట, తీసుకెళ్లడానికి. నేనే తెచ్చి ఇచ్చాను. లోపల వారం కిందటి తిండి బూజు పట్టి ఉంది. మూత తీయకుండా ఇచ్చేయాల్సింది. ఆ పిల్ల ముక్కు మూసుకోకుండా "థాంక్స్ బాబాయ్" అంది.

ఈ పుస్తకం పట్టుకుని గీతల సారు గదికి వెళ్లాను. ఏడో పేజీ తీసి బల్ల మీద పెట్టి, మిగతా పేజీలు రెండు చేతులతో మూసి పట్టుకున్నాను.

"ఏమిటిది పెద్దాయనా?"

"నా సొంత పుస్తకం. ఇది మాత్రం చదవండి. పక్కది చదవకండి."

చదివాడు. రెండోసారి చదివాడు. తలెత్తాడు.

"గీతల సారు ఎవరు?"

"మీరే సార్."

"ఓహో." ఇంకాసేపు చదివాడు. "రెండుసార్లు వచ్చాడని ఆ రోజే రాశారా? మరి గేటు పుస్తకంలో లేదేం?"

చెప్పాను. సాయంత్రం కలిపి రాయడం సంగతి, చెయ్యి సాగని సంగతి, లారీవాడి చీమలు, అన్నీ. ఇంట్లో మా ఆవిడకు చెప్పనిది ఇతనికి చెప్పాను. చెబుతుంటే కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఇన్నేళ్లలో ఇది ఎవరూ కనిపెట్టలేదా? నేను కూడా ఏడాది నుంచి చూస్తున్నాను ఆ పుస్తకాలు."

"మా చిన్నది కనిపెట్టింది. ఒక్క వారంలో."

"ఏం చదివింది?"

"ఇంకా చదవలేదు సార్. మీ చదువే చదువుతానంటోంది."

అతను కుర్చీలోంచి లేచాడు. ఆ పేజీకి నకలు తీసుకుని పుస్తకం నా చేతికిచ్చాడు. "మీ డబ్బు ఆగుతుంది పెద్దాయనా. నేను ఆపలేను. మీరే వచ్చి చెప్పారని రాస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది" అన్నాడు.

"అంతవరకు చాలు."

చాలదు. అయినా అన్నాను.

సాయంత్రం సోడాబుడ్డిని పిలిపించారు. మొదట లేదన్నాడట. పేజీ చూపించాక ఒప్పుకున్నాడట, పాత చీటీతో స్టోర్సు గుమాస్తా నాలుగు కట్టలు బయటికి పంపించాడని. నాకు పాత పుస్తకాలు ఇచ్చిన గుమాస్తాయే. డబ్బు ఆపేస్తారని చెప్పిన గుమాస్తాయే. సోడాబుడ్డి బయటికి పోతూ గేటు దగ్గర ఆగాడు. ఆ మందం అద్దాల్లోంచి కళ్లు ఇంతేసి కనిపించాయి. "నువ్వు రాయవుగా అన్నా" అన్నాడు. తిట్టలేదు. ఆ ఒక్క మాటే అని పోయాడు.

నేను రాయనని వాడికీ తెలుసు.

20వ తేదీ, గురువారం

సగం ఇచ్చారు, గీతల సారు రాసిన మాట వల్లేమో. సగం ఆపారు, విచారణ అయ్యేదాకా. దాని సంగతి దేవుడికెరుక.

ఇచ్చిన సగంలో మొదటి ఏడాది ఫీజు పోయింది. చిన్నది కట్టనివ్వలేదు మొదట. "వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నిస్తాను నాన్నా, రెండో ఏడాదికి లేకుండా మొదటిది కట్టి ఏం లాభం? మధ్యలో ఆగితే ఆ పదకొండులోనూ ఉండను, పందొమ్మిదిలోనూ ఉండను" అంది. లెక్క సరైనదే.

"గిట్టుబాటు సంగతి నాకు వదిలెయ్. నువ్వు కంతలు చూసుకో" అన్నాను.

మా ఆవిడ నా చొక్కా జేబులో పెన్ను పెట్టింది, సంతకం పెట్టి రమ్మని. మంచం మాట ఎవరూ ఎత్తలేదు.

మేస్త్రి రేపటి నుంచి వస్తాడట. నాతో మాట్లాడతాడో లేదో.

29వ తేదీ, శనివారం

ఈ రోజుతో అయిపోయింది. దండ లేదు, ఉపన్యాసం లేదు. మేస్త్రి తన డబ్బా తెచ్చి బల్ల మీద నా డబ్బా పక్కన పెట్టి విప్పాడు. మాట్లాడలేదు. తిన్నాడు. నా కూరలోంచి ఒక ముక్క అడగకుండా తీసుకున్నాడు. అది మాట్లాడినట్టే.

8వ తేదీ, సోమవారం

మళ్లీ గేటు. ఈ సారి ఆసుపత్రి వెనక గేటు, మందుల బండ్లు వచ్చేది. జీతం పాతదానికి మూడో వంతు తక్కువ. రెండో ఏడాది ఫీజుకు ఇది కొంత, చిన్నది సాయంత్రాలు చేసే పని కొంత. మిగతాది ఆపిన సగం వస్తే వస్తుంది. ఆ చదువు గిట్టుతుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఓడరేవావిడా నిజమే, టైర్ల షాపువాడూ నిజమే.

కాళ్లు మాత్రం పాత కాళ్లే.

పొద్దున మొదటి బండివాడు నేను పేరు దిద్దేదాకా ఆగాడు. హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. నేను తలెత్తకుండా దిద్దాను. చెమట పట్టింది. "ఏం తాతా, తెల్లారుతుందా?" అన్నాడు. "తెల్లారింది. ఇదిగో, సంతకం పెట్టు" అన్నాను. ఇప్పుడు తాతనే, దానికి బాధ లేదు.

మధ్యాహ్నం చిన్నది కాలేజీ నుంచి నేరుగా వచ్చింది, మా ఆవిడ పంపిన డబ్బా పట్టుకుని. నవ్వుకుంటూ గేటులోంచి లోపలికి రాబోయింది.

"ఆగు" అన్నాను.

"నేనే నాన్నా."

"తెలుసు. అక్కడే ఉండు."

గోడ గడియారం చూసి పుస్తకంలో రాశాను. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, ఉండనీ. ఒక్కో గడీ నింపి దాని ముందుకు తిప్పాను. అది వంగి చూసింది. వేళ గడి దగ్గర దాని కళ్లు ఆగాయి. సంతకం పెట్టింది.

ఇంటికొచ్చాక ఆ వరుస ఈ పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటున్నాను. ఈ ఒక్కసారికి గళ్లలోనే రాస్తాను.

వేళ: 1.07. బండి: లేదు, నడిచి. ఎవరు: నా కూతురు. ఎందుకు: భోజనం.